అట్టడుగు ఒకటే, జబ్బులు మూడు

ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్లో తెలుగు టైటాన్స్ 22 మ్యాచులాడి ఒక్కటి గెలిచింది. తొమ్మిదో సీజన్లో 22 ఆడి రెండు. పదో సీజన్లోనూ 22 ఆడి రెండే. 2021 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా మొత్తం 66 మ్యాచులకు అయిదు గెలుపులు. మూడుసార్లూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

ఈ జట్టుకు విశాఖతో పాత చుట్టరికం ఉంది. 2014లో లీగు మొదలైనప్పుడు టైటాన్స్ సొంత మైదానం ఇక్కడి రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియమే. 2016 జనవరి 30న మూడో సీజన్ తొలి మ్యాచ్ కూడా అక్కడే జరిగింది. 2018 డిసెంబరులో మరోసారి వచ్చిన లీగు, ఆ తర్వాత 2025 ఆగస్టు దాకా ఈ ఊరి గడప తొక్కలేదు. అంటే ఆ మూడు చెడ్డ సీజన్లలో వైజాగ్ వాళ్లకు కళ్లెదుట కనిపించిన ఓటమి ఒక్కటీ లేదు, అన్నీ టీవీలోనే. పొద్దున్నే టీ కొట్టు దగ్గర "ఏటి గురూ, మనోళ్లు మళ్లీ పోయారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పేపరు తిరగేసేవాళ్లే ఎక్కువ.

వరసగా మూడుసార్లు ఆఖరున నిలిచిన జట్టంటే అది మూడేళ్లూ ఒకేలా ఆడిందనీ, ఒకే కారణంతో ఓడిందనీ అనుకుంటాం. "ఆటగాళ్లలో కసి లేదు" అన్న మాటతో చర్చ ముగిస్తాం. నా ఉద్దేశంలో అది పొరపాటు. పట్టిక అడుగున ఉండటం అనేది మూడేళ్లూ కనిపించిన లక్షణమే తప్ప జబ్బు కాదు. ఏ ఏడు జబ్బు ఆ ఏడుదే.

పట్టికను ఎలా చదవాలో ముందు చూద్దాం. అప్పటి లెక్క ప్రకారం గెలిస్తే 5 పాయింట్లు, సమానమైతే 3. ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఊరడింపుగా 1 పాయింటు. ఈ ఆఖరి నిబంధన మనకు బాగా పనికొస్తుంది. ఎందుకంటే, ఒక జట్టు మొత్తం పాయింట్లు తెలిస్తే చాలు, అది ఎన్నిసార్లు అంగుళం దూరంలో ఓడిందో, ఎన్నిసార్లు చిత్తుగా ఓడిందో ఇంట్లో కూర్చుని లెక్కగట్టొచ్చు.

ఎనిమిదో సీజన్లో టైటాన్స్‌కు 27 పాయింట్లు వచ్చాయి. ఒక గెలుపు, నాలుగు టైలు, 17 ఓటములు. గెలుపుకు 5, టైలకు 12, కలిపి 17. మిగిలిన 10 పాయింట్లు ఎక్కడివి? పది దగ్గరి ఓటములవి. ఆ ఒక్క గెలుపు కూడా జైపూర్ మీద 35-34తో, ఒకే పాయింటు తేడాతో వచ్చింది. అన్నీ కూడితే 22 మ్యాచుల్లో 15 మ్యాచులు చివరి దాకా ఎటైనా మొగ్గే స్థితిలో ఉన్నవే. తొలి మ్యాచ్ తమిళ్ తలైవాస్‌తో 40-40. కొత్త సంవత్సరం రోజున బెంగళూరు బుల్స్‌తో 34-34.

అంత దగ్గరి మ్యాచుల్లో సగమైనా ఇటు మొగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పది ఓటముల్లో అయిదు గెలుపులై ఉంటే టైటాన్స్‌కు 47 పాయింట్లు వచ్చేవి. ప్లేఆఫ్ అప్పుడూ దక్కేది కాదు. కానీ ఆరు మ్యాచులు గెలిచిన జట్టును చూసి ఎవరూ నవ్వరు. ఒక గెలుపుకూ ఆరు గెలుపులకూ మధ్య ఉన్న దూరంలో అదృష్టం వాటా చిన్నదేమీ కాదు.

అదృష్టం ఒక్కటే అంటే మళ్లీ తప్పు. ఆ సీజన్ మొత్తం కోవిడ్ కారణంగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక హోటల్లో ప్రేక్షకులు లేకుండా జరిగింది. ప్రధాన రైడర్ సిద్ధార్థ్ దేశాయ్ ఆరంభ మ్యాచుల్లోనే గాయపడి తప్పుకున్నాడు. దగ్గరి మ్యాచులను ఒడ్డెక్కించాల్సింది అలాంటివాడే. ఆఖరి మూడు నిమిషాల కబడ్డీ వేరే ఆట. రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న జట్టు తన రైడర్ని పంపి, ముప్పై సెకన్లూ గీత దగ్గరే తిప్పి, ఎవరినీ తాకకుండా వెనక్కి రప్పిస్తుంది. అలా రెండు ఖాళీ రైడ్లు పోతే మూడోది 'డూ ఆర్ డై', పాయింటు తేవాలి లేదా బయటికి పోవాలి. ఈలోపు గడియారం తిరిగిపోతుంది. వెనకబడ్డ జట్టుకు ఆ ఓపిక ఉండదు. డిఫెండర్ తొందరపడి ముందుకు దూకుతాడు, దొరికిపోతాడు. ఇలాంటి ఘడియల్లో ఏం చేయాలో తెలిసిన రైడర్ గాయంతో బయట కూర్చుంటే, కుర్రాళ్లు నేర్చుకుంటూ ఓడతారు. ఆ ఏడు జరిగింది ఇంచుమించు అదే. గాయమూ అనుభవలేమీ దురదృష్టమూ మూడూ కలిశాయి.

తొమ్మిదో సీజన్ జబ్బు వేరు. పాయింట్లు 15, గెలుపులు రెండు, ఓటములు 20. గెలుపులకు 10 పోతే మిగిలేది 5. అంటే ఇరవై ఓటముల్లో దగ్గరివి అయిదే, మిగతా పదిహేను ఎనిమిది, అంతకంటే ఎక్కువ పాయింట్ల తేడాతో వచ్చినవి. ఇక్కడ అదృష్టాన్ని తిట్టే వీలు లేదు.

విచిత్రం ఏమిటంటే, కాగితం మీద ఆ జట్టును చూస్తే నోరూరుతుంది. కుడి కార్నర్‌లో రవీందర్ పహల్, ఎడమ కార్నర్‌లో విశాల్ భరద్వాజ్, కుడి కవర్‌లో సుర్జీత్ సింగ్, ఎడమ కవర్‌లో పర్వేశ్ భైన్‌స్వాల్. నలుగురూ పేరున్న డిఫెండర్లే. రైడింగ్‌లో అభిషేక్ సింగ్, మోను గోయత్, మళ్లీ సిద్ధార్థ్ దేశాయ్. ఇంతమంది ఉండి అన్ని మ్యాచులు చిత్తుగా ఎలా ఓడారు?

డిఫెన్స్ అనేది నలుగురు మొనగాళ్ల మొత్తం కాదు. రైడర్ ఎడమ కార్నర్ వైపు కాలు చాపాడనుకోండి. కార్నర్ ఆటగాడు వంగి చీలమండ పట్టుకుంటాడు. ఆ పట్టు అరక్షణమే నిలుస్తుంది. ఆ అరక్షణంలో పక్కనున్న కవర్ ఆటగాడు అడ్డంగా వచ్చి రైడర్‌కీ మధ్య గీతకూ నడుమ గోడ కట్టాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే రైడర్ దూకి గీతకు వేలు తాకిస్తాడు. అప్పుడు పట్టుకున్నవాడూ, తాకిన రెండోవాడూ ఇద్దరూ ఔట్. కార్నర్ ఎప్పుడు వంగుతాడో కవర్‌కు మాటలతో చెప్పే సమయం ఉండదు, భుజం కదలికను బట్టి తెలిసిపోవాలి. అది నెలల తరబడి కలిసి ఆడితే తప్ప రాదు. పక్కవాడు కదలకముందే తానే దూకేయడం పేరున్న డిఫెండర్‌కు అలవాటు, పాత జట్లలో అతనికి పేరు తెచ్చింది కూడా అదే. వేలంలో మనిషిని కొనొచ్చు. ఆ మనిషికి పక్కవాడితో ఉన్న అలవాటును మాత్రం పాత జట్టులోనే వదిలి రావాలి. టైటాన్స్ ఆ ఏడు నాలుగు పేర్లను కొంది, ఒక డిఫెన్స్‌ను కొనలేకపోయింది.

పదో సీజన్ దగ్గరికొచ్చేసరికి కథ అందరికీ తెలిసిందే. 2023 అక్టోబరులో ముంబయి వేలంలో పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొంది. అప్పటికి లీగు చరిత్రలో అదే అత్యధిక ధర. ఒక్కో జట్టు ఖర్చు పెట్టగలిగిన మొత్తం 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్కడికే పోయింది. తక్కిన జట్టంతా 2 కోట్ల 39 లక్షల చిల్లరలో సర్దుకోవాలి.

పవన్ మోసం చేయలేదు. ఆ సీజన్లో అతను 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం రెండే మ్యాచులు గెలిచింది. వైజాగ్‌లో ఆ శీతాకాలమంతా నడిచిన ప్రశ్న ఇదే: ఇంతటివాడు ఉండి కూడా ఎలా ఓడతారు?

జవాబు కబడ్డీ నియమాల్లోనే ఉంది. క్రికెట్లో గొప్ప బ్యాట్స్‌మన్ ఔటైతే ఆ ఇన్నింగ్స్‌కు అతని కథ అయిపోయినట్టే. ఫుట్‌బాల్లో గొప్ప ఫార్వర్డ్ తొంభై నిమిషాలూ మైదానంలోనే ఉంటాడు. కబడ్డీ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. రైడర్ దొరికిపోతే బయట కూర్చుంటాడు. తన జట్టు ఎదుటివాళ్లలో ఒకరిని ఔట్ చేసినప్పుడే లోపలికి వస్తాడు. అది కూడా వరస ప్రకారం, ముందు పోయినవాడు ముందు రావాలి. ఇక్కడో మెలిక ఉంది. బోనస్ గీత దాటి తెచ్చిన పాయింటు స్కోరులో కలుస్తుంది గానీ, బయటున్న మనిషిని వెనక్కి తేదు. మనిషి రావాలంటే రైడర్ ఎవరినైనా తాకి రావాలి, లేదా మన డిఫెన్స్ ఎదుటి రైడర్ని పట్టాలి.

ఒక ఊహా మ్యాచ్ తీసుకుందాం. మనవాళ్లు ఏడుగురు, వాళ్లు ఏడుగురు. వాళ్ల రైడర్ వచ్చి మన కార్నర్‌ను తాకి వెళ్లాడు, మనం ఆరుగురం. మన రెండో రైడర్ వెళ్లి దొరికిపోయాడు, అయిదుగురం. వాళ్ల రైడర్ మళ్లీ వచ్చి ఒకరిని తాకాడు, నలుగురం. ఇప్పుడు మన స్టార్ రైడర్ వెళ్లాడు. అవతల ఏడుగురూ నిండుగా ఉన్నారు, గొలుసు కట్టి పట్టేశారు. మనం ముగ్గురం. స్టార్ బయట వరసలో నాలుగోవాడు. అతను మళ్లీ కూతకు వెళ్లాలంటే మన జట్టు నలుగురిని ఔట్ చేయాలి. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు డిఫెండర్లు, ఒకరు కొత్త కుర్రాడు. అతను బోనస్ తెచ్చినా స్టార్ కదలడు.

నమ్మదగ్గ దారి ఒకటే, వాళ్ల రైడర్ని పట్టడం. ముగ్గురే ఉన్నప్పుడు పడితే దాన్ని సూపర్ ట్యాకిల్ అంటారు, రెండు పాయింట్లొస్తాయి, మనిషి మాత్రం ఒక్కడే తిరిగొస్తాడు. పట్టలేకపోతే కాసేపటికి ఆలౌట్. ఎదుటివాళ్లకు అదనంగా రెండు పాయింట్లు ఇచ్చుకుని, మనవాళ్లు ఏడుగురూ మళ్లీ లోపలికి. కొన్నిసార్లు బలహీన జట్లు కావాలనే త్వరగా ఆలౌట్ అయిపోతాయి, రెండు పాయింట్లు పోయినా స్టార్ లోపలికొస్తాడు కదా అని! చూసేవాళ్లకు అది లొంగిపోవడంలా కనిపిస్తుంది. నిజానికి అది కూడా ఒక లెక్కే.

నలభై నిమిషాల ఆటలో స్టార్ ఎంతసేపు లోపల ఉన్నాడన్నది అతని చేతుల్లో కంటే డిఫెండర్ల చేతుల్లోనే ఎక్కువ ఉంటుంది. పవన్‌కు పెట్టిన డబ్బు ఫలించాలంటే అతన్ని వెనక్కి తెచ్చే డిఫెన్స్ కావాలి. ఆ డిఫెన్స్‌కు పెట్టాల్సిన డబ్బు పవన్‌కు పోయింది. పదో సీజన్ లెక్క కూడా ఇదే చెబుతుంది. 21 పాయింట్లు, రెండు గెలుపులు, ఒక టై, 19 ఓటములు. గెలుపులకు 10, టైకి 3 తీసేస్తే 8 మిగులుతాయి, అంటే ఎనిమిది దగ్గరి ఓటములు. తొమ్మిదో సీజన్లోలా చిత్తు కాలేదు. పవన్ ఒక్కడే మ్యాచ్‌ను అంచు దాకా లాక్కొచ్చేవాడు, అక్కడ సాయం దొరికేది కాదు.

ఒక్కడికే డబ్బు పోయడమే తప్పా అంటే, కాదు. అదే వేలంలో పుణేరి పల్టన్ ఇరాన్ ఆటగాడు మహ్మద్‌రెజా షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పోసింది. టైటాన్స్‌కు, పుణేకు తేడా పాతిక లక్షలు. పుణే కప్పు గెలిచింది. అయితే షాద్లూయి పట్టేవాడు. ఆ సీజన్లో ట్యాకిల్ పాయింట్లలో అందరికంటే ముందు నిలిచాడు. పైగా పుణేకు అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లు అప్పటికే కలిసి ఆడుతున్నారు. ఉన్న జట్టులోని ఖాళీని పుణే ఆ డబ్బుతో పూడ్చుకుంది. టైటాన్స్ మాత్రం అదే డబ్బు పెట్టి కొన్నవాడి చుట్టూ జట్టును కట్టాలని చూసింది. ఫైనల్ 2024 మార్చి 1న జరిగింది, ఎక్కడో కాదు, హైదరాబాద్ గచ్చిబౌలిలో. ఆఖరి స్థానం జట్టు సొంత గడ్డ మీద పుణే 28-25తో హర్యానా మీద గెలిచి కప్పెత్తింది.

ఆఖరున నిలిచిన జట్టుకు తర్వాతి ఏడు ఏమవుతుందన్నది కూడా లీగును బట్టి ఉంటుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్లో 2007-08లో డర్బీ కౌంటీ 38 మ్యాచుల్లో ఒక్కటే గెలిచి 11 పాయింట్లతో కింది డివిజన్‌కు దిగిపోయింది. అమెరికా వృత్తి ఫుట్‌బాల్లో అట్టడుగు జట్టుకు కొత్త కుర్రాళ్లలో మొదటి ఎంపిక దక్కుతుంది. కాలేజీ ఫుట్‌బాల్లో ఆ వెసులుబాటు కూడా లేదు, మంచి కుర్రాళ్లు గెలిచే కాలేజీకే పోతారు. టెక్సస్‌లోని ప్రెయిరీ వ్యూ కాలేజీ జట్టు 1989 నుంచి 1998 దాకా వరసగా 80 మ్యాచులు ఓడింది. ఆటగాళ్లకు స్కాలర్‌షిప్పులు ఆపేశాక అక్కడ చేరే మంచి ఆటగాడెవడు? అది డబ్బు జబ్బు, కసి జబ్బు కాదు. మన కబడ్డీ లీగులో దిగిపోవడమూ లేదు, మొదటి ఎంపికా లేదు. ఆఖరి జట్టుకూ మొదటి జట్టుకూ వేలంలో ఒకే పర్సు. బాగుపడాలన్నా పాడవాలన్నా ఆ రెండు రోజుల వేలమే.

మనకు ఇంట్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2008 ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచుల్లో రెండే గెలిచి ఆఖరున నిలిచింది. ఉప్పల్లో ఆడిన ఏ మ్యాచూ గెలవలేదు. మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు, చాలావరకు అవే మొహాలు, జోహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు తెచ్చింది. ఆర్‌పీ సింగ్ ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువగా 23 వికెట్లు తీశాడు. ఒక్క ఏడాదిలో ఆటగాళ్లు మారిపోలేదు, పిచ్‌లు మారాయి, కెప్టెన్ మారాడు.

టైటాన్స్‌కు మందు దొరకడానికి ఇంకాస్త టైం పట్టింది. 2024లో, పదకొండో సీజన్‌కు ముందు, కృషన్ కుమార్ హుడాను కోచ్‌గా తెచ్చారు. టైటాన్స్ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన ఎనిమిదో సీజన్లో కప్పు కొట్టిన దబంగ్ ఢిల్లీకి కోచ్ ఆయనే. పవన్‌ను వేలానికి వదిలి, మళ్లీ చివరి బిడ్డుకు సమానంగా చెల్లించే తమ హక్కు వాడుకుని 1 కోటి 72 లక్షల 50 వేలకు వెనక్కి తెచ్చుకున్నారు. మనిషి అతనే, ధర 88 లక్షలు తగ్గింది. పత్రికలు పవన్ ధర పడిపోయిందని రాశాయి గానీ, నా లెక్కలో అన్నాళ్లలో టైటాన్స్ చేసిన తెలివైన పని అదే. ఆ 88 లక్షలు తక్కిన స్థానాలకు వెళ్లాయి. విజయ్ మలిక్ లాంటి, పెద్దగా హడావుడి లేని ఆల్‌రౌండర్ జట్టులోకి వచ్చాడు.

ఫలితం వెంటనే కనిపించింది. 22 మ్యాచుల్లో 12 గెలుపులు. మూడు సీజన్లలో కలిపి అయిదు గెలిచిన జట్టు ఒక్క సీజన్లో పన్నెండు గెలిచింది. అందులో కొన్ని పవన్ గాయంతో బయటున్నప్పుడు వచ్చినవి. పాత సీజన్లలో ప్రధాన రైడర్ గాయపడితే సీజన్ అక్కడితో ఖతం. ఈసారి విజయ్ మలిక్ పగ్గాలు పట్టి నడిపించాడు. అయినా 66 పాయింట్లతో ఏడో స్థానం. ఆ సీజన్లో ప్లేఆఫ్ ఆరు జట్లకే.

2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. పన్నెండో సీజన్ ఆగస్టు 29న విశాఖలోనే మొదలైంది, తొలి మ్యాచ్ టైటాన్స్‌కూ తలైవాస్‌కూ. ఏడేళ్ల తర్వాత పాత సొంత ఊళ్లో ఆడుతున్న జట్టు, ఎదురుగా నిన్నటిదాకా తమ కెప్టెన్‌గా ఉన్నవాడు. 38-35తో తలైవాస్ గెలిచింది. మర్నాడు యూపీ యోధాస్ చేతిలో మళ్లీ ఓటమి, 40-35. వైజాగ్ జనం నిట్టూర్చి ఉంటే వాళ్లను తప్పుపట్టలేం, పాత అలవాటు అది. పాయింట్ల లెక్క కూడా ఆ ఏడు మారింది. గెలుపుకు 2, ఓటమికి సున్నా. దగ్గరి ఓటమికి ఇచ్చే ఆ ఒక్క ఊరడింపు పాయింటు కూడా పోయింది.

తర్వాత జట్టు కుదురుకుంది. మలిక్ కెప్టెన్సీ, భరత్ హుడా రైడింగ్, వాళ్లు ఔటైతే వెనక్కి తెచ్చే డిఫెన్స్. ప్లేఆఫ్‌లో బెంగళూరును, పట్నాను దాటి రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. అక్కడ పుణేరి పల్టన్ ఎదురైంది, స్కోరు 50-45. ఆ రోజు టైటాన్స్ రైడర్లకు వంక పెట్టడానికి లేదు. నలభై అయిదు చేసిన జట్టు మామూలుగా గెలవాలి. యాభై ఇచ్చుకున్న డిఫెన్స్ మీదే మళ్లీ పని ఉంది, వచ్చే వేలానికి టైటాన్స్ దేనికి డబ్బు పెడుతుందో చూడాలి.